ఆఖరి భాగంలో నీళ్ళు రాలేదు

డబ్బింగ్ గదిలో నాతో పనిచేసిన పిల్లలకు ఒక మాట బాగా అలవాటు: "మేడం, ఒరిజినల్లో అంతే ఉంది." కథ చప్పగా ముగిసినా అదే, పాత్ర మధ్యలో మాయమైపోయినా అదే. ఏదో ఆ దేశం వాడి పాపం ఆ దేశం వాడిదే, మనం పెదాల కదలికకు మాట అతికిస్తే చాలన్నట్టు. ఏళ్ళ తరబడి కార్టూన్లకు తెలుగు మాటలు రాసి ఈమధ్యే మానుకున్నాను కాబట్టి ఇక నా నోటికి అడ్డులేదు. చెప్తాను వినండి. ఒరిజినల్లో అంతే ఉందన్న సంగతి నాకూ ఒకసారి తెలిసింది. గోదాము నిండా జనం ఎదురుగా కూర్చుని ఉండగా, చేతిలో మైకు ఉండగా తెలిసింది.

ఎనభైల చివరి సంగతి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద వీడియో క్యాసెట్లు కిరాయికిచ్చే షాపులో నా ఉద్యోగం. బీఏ చదివి ఇదేం కొలువని నల్లగొండలో మా నాన్న చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదు. షాపు యజమానిది ఎల్బీనగర్ దాటాక ఉండే పాత ఊరు. తాతల నాటి జొన్నచేన్లను ప్లాట్లు చేసి అమ్మాడు. ఆ ప్లాట్ల మీద లేచిన కాలనీలోనే నేనూ మా ఆయనా ఒక గది కిరాయికి తీసుకున్నాం. అంటే పగలంతా ఆయన షాపులో నిలబడి, రాత్రి ఆయన అమ్మిన చేన్లో పడుకునేదాన్ని. అందరూ ఆయన్ని పటేల్ అనేవాళ్ళు. నేను సార్ అనేదాన్ని. ఆయన నన్ను "డిగ్రీ మేడం" అనేవాడు. గౌరవంతో కాదని వేరే చెప్పక్కర్లేదు.

కాలనీ అంటే ఇప్పటి మెట్రో, మాల్సు ఊహించుకోకండి. రాళ్ళు, ఎర్రమట్టి, ముళ్ళకంప, వాటి మధ్య సున్నపు గీతలు. అక్కడొక ఇల్లు, ఇక్కడొక పునాది. అన్నీ ఉన్నట్టే ఉండేవి, నీళ్ళు తప్ప. "ఆరు నెలల్ల నల్లా ఒస్తది, నాది జిమ్మా" అని ప్లాటు కొన్న ప్రతివాడికీ పటేల్ పూచీ ఇచ్చాడట. ఆ ఆరు నెలలు ఎప్పుడు మొదలవుతాయో చెప్పలేదు. వేసిన బోర్లు దుమ్ము కక్కాయి. ట్యాంకర్ వచ్చిన రోజు బిందెలతో యుద్ధం. ఎండాకాలం కూడా ఎండని నీళ్ళంటే పటేల్ ఇంటి వెనకున్న పాత మోటబావి ఒక్కటే. దానికి గోడ, గోడకు గేటు, గేటుకు తాళం.

కాలనీ మధ్యలో ఆయనకు రేకుల గోదాము ఒకటి ఖాళీగా పడి ఉండేది. ఆదివారం సాయంత్రాలు అందులో టీవీ, వీసీఆర్ పెట్టి పిల్లలకు కార్టూన్లు వేద్దామన్నది నేనే. "పోరగాండ్ల బొమ్మలకు ఎవడొస్తడు?" అన్నాడు. వచ్చారు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నుంచి ఖాళీ చెక్కపెట్టెలు తెచ్చి బోర్లించి కుర్చీలు చేశాం. ఎండాకాలమైతే గోదామంతా మామిడిపండ్ల వాసన. పిల్లలతో తల్లులు వచ్చారు, తల్లులతో అత్తలు వచ్చారు.

వేసిన సీరియల్ అమెరికా వాళ్ళది. దుబాయ్‌లో ఉన్న పటేల్ బామ్మర్ది అక్కడి టీవీలోంచి రికార్డు చేసి, వచ్చేవాళ్ళ చేత పంపేవాడు. ఎక్కడో నక్షత్రాల అవతల ఒక ఎర్ర గ్రహం. మూడు చందమామలు. రాకెట్లలో దిగిన జనం అక్కడ ఊరు కట్టుకుంటుంటారు. టోపీ, తుపాకీ, మాట్లాడే ఇనుప గుర్రం ఉన్న ఒక షెరీఫ్ వాళ్ళకు కాపలా. ఇనుప దవడ ఉన్న ఒక దొంగల నాయకుడు ఆ గ్రహం మీది నీళ్ళన్నీ తన కోటలో దాచుకుని జనాన్ని ఏడిపిస్తుంటాడు. మూడో వారమో నాలుగో వారమో, వాడు పెద్ద తొట్టిలో చిందులేస్తూ స్నానం చేసే సీను వచ్చింది. వాడు దభీమని కూలబడగానే తొట్టి పొంగి నీళ్ళు నేలంతా పారాయి. గోదాములో ఆడవాళ్ళందరూ ఒక్కసారి "అయ్యో!" అన్నారు. ఒక్క పిల్లవాడూ నవ్వలేదు. అమెరికాలో ఆ సీనుకు నవ్వి ఉంటారు.

రాళ్ళు, ఎర్రమట్టి, గీతలు గీసిన ప్లాట్లు, నీళ్ళు లేవు. ఇంకేం కావాలి? అది మా కాలనీయే. మూడు చందమామలు మాత్రం ఎక్కువ.

ఇంగ్లీషు ఎవరికీ రాదు కాబట్టి సౌండు తగ్గించి, టీవీ పక్కన నిలబడి మైకులో నేను తెలుగులో చెప్పేదాన్ని. శనివారం మధ్యాహ్నం షాపులో క్యాసెట్ రెండుసార్లు చూసి, ఎవడు ఎవడితో ఏమన్నాడో బుర్రలో పెట్టుకుని, ఆదివారం గొంతు మార్చి మార్చి అందరి మాటలూ నేనే పలికేదాన్ని. షెరీఫ్‌ను ఏమనాలన్న దగ్గర మొదటి గొడవ. "షెరీఫ్ గిరీఫ్ ఎవనికి తెలుస్తది? పోలీస్ పటేల్ అను. మా నాయిన గూడ పోలీస్ పటేలే" అన్నాడు మా యజమాని, మీసం దువ్వుకుంటూ. నాకూ ఆ మాట అతికినట్టే అనిపించింది. ఊరి కాపలా, దొంగలను పట్టడం, అదే కదా పని. కానీ ముందు వరసలో సూర్యాపేట పక్క పల్లె నుంచి లారీ నడిపే కొడుకు వెంట వచ్చిన ఒక అవ్వ కూర్చునేది. ఆవిడకు నచ్చలేదు.

"పటేల్ మంచోడంటే ఎట్ల నమ్మాలె బిడ్డా?"

"ఇది వేరే గ్రహం అవ్వా."

"గ్రహమైతేంది? పటేల్ పటేలే."

రెండో గొడవ మా వీధి మాస్టారుతో. కృష్ణా జిల్లాలో ఇంగ్లీషు చెప్పి రిటైరై, కొడుకు కట్టిన ఇంట్లో ఉండేవాడు. "అమ్మాయ్, పిల్లల ముందు ఈ ఒస్తడు, పోతడు ఏమిటమ్మా? శుభ్రంగా వస్తాడు, వెళ్తాడు అనొచ్చుగా" అన్నాడొక రోజు.

"సినిమాల్లో మా మాట ఎవరి నోట వింటున్నారు మాస్టారూ? రౌడీ నోట, తాగుబోతు నోట. నా గ్రహం మీద అందరూ మా మాటే మాట్లాడతారు."

"అందరూనా?"

"కావాలంటే దొంగ ఒక్కడికి మీ భాష ఇస్తాను."

"ఇవ్వమ్మా, ఇవ్వు. దొంగ అయితేనేం, కాస్త చదువుకున్నవాడిలా ఉంటాడు."

ఇచ్చాను. ఆ రోజు నుంచి ఇనుప దవడవాడు "ఏమండీ పటేలు గారూ, నీళ్ళు కావాలటండీ తమరికి?" అని పలికేవాడు. గోదాములో అన్నిటికన్నా పెద్దగా నవ్వింది మాస్టారే.

వారాలు గడిచేకొద్దీ జనం అడిగేది ఒకటే అయింది: నీళ్ళెప్పుడొస్తాయి? గుర్రం గురించి అడగరు, తుపాకుల గురించి అడగరు. ట్యాంకర్ దగ్గర వరసలో నిలబడితే అక్కడా నన్నే అడిగేవాళ్ళు. "నీకు తెల్సు, చెప్తలేవు." నాకూ తెలియదంటే నమ్మేవాళ్ళు కాదు.

ఇక ఆఖరి భాగం వస్తోందని దుబాయ్ నుంచి కబురు రాగానే పటేల్ చేసిన పని చూడండి. క్యాసెట్ ఇంకా విమానం ఎక్కలేదు, ఈయన గుడ్డ మీద ఎర్ర అక్షరాలతో రాయించి గోదాము ముందు కట్టించాడు: "ఆఖరి భాగం. నీళ్ళొచ్చే రోజు." అడిగితే, "నీళ్ళ కోసం ఇన్నొద్దులు గుంజిన కత, నీళ్ళు రాకుంట ఎట్ల ఒడుస్తది?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. మా కాలనీలో ఎవర్ని అడిగినా అదే చెప్పేవాళ్ళు.

క్యాసెట్ శనివారానికి రాలేదు. ఆదివారం మధ్యాహ్నం దాటాక తెచ్చినాయన అది పటేల్ చేతిలో పెట్టేసరికి గోదాము నిండిపోయింది. హయత్‌నగర్ నుంచి కూడా వచ్చారు. పక్క కాలనీ నుంచి ఇద్దరాడవాళ్ళు గుడ్డ మీది రాత చూసి ట్యాంకరనుకుని బిందెలతో వచ్చి, సంగతి తెలిశాక ఆ బిందెలే బోర్లించి వాటి మీద కూర్చున్నారు. "ముందు నేనొకసారి చూడాలి సార్" అన్నాను. "ఇంత మందిని కూసోబెట్టి నువ్వు సూస్తవా? పెట్టు" అన్నాడు. చూడని క్యాసెట్‌కు గొంతు ఇవ్వకండి. ఈ ఒక్క ముక్క మీకు గుర్తున్నా చాలు.

మొదట బాగానే నడిచింది. బొమ్మలో పోలీస్ పటేల్, ఇనుప దవడవాడు ఎదురెదురుగా నిలబడ్డారు, తుపాకులు పేలాయి, వాడు పడ్డాడు. చప్పట్లు. ఇక కోట తలుపులు తెరుస్తాడు, నీళ్ళు వదులుతాడు అని మైకు నోటి దగ్గరికి లాక్కున్నాను. మా పోలీస్ పటేల్ ఏం చేశాడంటే, మంట వేసుకుని పక్కన కూర్చున్నాడు. కూర్చుని పాత సంగతులు తలచుకోవడం మొదలుపెట్టాడు. మొదటి భాగం ముక్క. రెండో భాగం ముక్క. బొమ్మలు గీసే ఖర్చు మిగుల్చుకోవడానికి పాత ముక్కలన్నీ కుట్టేశారన్నమాట.

"పటేల్ యాదికి తెచ్చుకుంటుండు" అన్నాను మైకులో.

"గిది సూసినం!" అన్నారు పిల్లలు.

"ఇంకోటి యాదికి తెచ్చుకుంటుండు."

"గిది గూడ సూసినం!"

అలా తలచుకుని తలచుకుని లేచాడు. ఊరివాళ్ళకు టోపీ తీసి చూపించాడు. గుర్రాన్ని రాకెట్టెక్కించాడు. వెళ్ళిపోయాడు. పేర్లు పడ్డాయి. నీళ్ళ ఊసే లేదు. తీసినవాళ్ళు దాన్ని గుర్తు కూడా పెట్టుకోలేదు.

క్యాసెట్ ఆపాను. "అయిపోయింది" అన్నాను.

"నీళ్ళేవి?" అంది అవ్వ.

"చెప్పలేదవ్వా."

"వాండ్లు చెప్పిండ్రు. నీకు సమజ్ కాలె."

ఇదిగో, ఇక్కడ నా కడుపు మండింది. సీరియల్ తీసినవాడిని ఒక్కరు తిట్టలేదు. అందరూ నన్నే. ఇంగ్లీషులో నీళ్ళొచ్చాయట, నేను తెలుగులో మింగేశానట. తొందరపడి వదిలేశానట. డిగ్రీ ఉత్తదట. మాస్టారు లేచి, "ఆ అమ్మాయి చెప్పింది కరెక్టేనండీ, నేనూ విన్నాను, అందులో నీళ్ళ మాటే లేదు" అన్నాడు పాపం. "దొంగోని లెక్క మాట్లాడెటోడివి నీకేం ఎరుక, కూసో" అన్నారు. వాళ్ళ దృష్టిలో ఆయనదీ ఇనుప దవడవాడిదీ ఒకటే భాష.

జనం వెళ్ళిపోయాక పటేల్ తన గుడ్డను తనే పీకి చుట్టాడు. "గోదాం సిమెంట్ డీలర్‌కిస్త. ఆట బంద్. షాపుల కౌంటర్ కాడ గూడ నువ్వెందుకు, ఎవడన్న కూసుంటడు. నీ తోని నా ఇజ్జత్ పోయింది."

"గుడ్డ రాయించింది మీరు సార్."

"కత చెప్పింది నువ్వు."

వాదించడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఆ సాయంత్రం మాత్రం వాదించలేదు. ఒకటే అడిగాను. "ఇంకొక్క ఆదివారం ఇవ్వండి. ఆఖరి భాగం నేను చేస్తాను." ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు సీన్మా తీస్తవా?" "తియ్యను. కోస్తాను." సిమెంటాయన ఎలాగూ నెలాఖరుకు గానీ రాడు కాబట్టి సరేనన్నాడు. జనం లేకపోతే సోమవారం నుంచి షాపుకు రావద్దన్నాడు. సరేనన్నాను.

నా లెక్క తేలిక. వాళ్ళు పాత ముక్కలు కుట్టి కథను ఎగ్గొట్టారు కదా, అవే పాత ముక్కలు కుట్టి నేను కథను ముగిస్తాను. షాపులో కాపీలు తీసేందుకు రెండు వీసీఆర్‌లు ఉండేవి. ఒకదాంట్లో పాతది ఆడుతుంటే రెండోదాంట్లో కావలసిన చోట రికార్డు, వద్దన్నచోట పాజ్. వేలు కొంచెం ఆలస్యమైతే గుర్రం తల ఒక సీనులో, తోక ఇంకో సీనులో. ఇప్పుడు మీరు మౌస్ కదిలిస్తే అయ్యే పనికి నా బొటనవేలు వాచింది. మధ్యాహ్నం గిరాకీ లేని వేళంతా అదే పని. పాత క్యాసెట్లన్నీ ముందు పెట్టుకుని వరసగా చూడ్డం మొదలుపెట్టాను.

ఊరివాళ్ళు గొయ్యి తవ్వే ముక్క దొరికింది. పోలీస్ పటేల్ కోట తలుపు తన్నే ముక్క దొరికింది. ఏదో పండుగలో పిల్లలు ఎగిరే ముక్క దొరికింది. ముసలివాళ్ళు ఏడ్చే ముక్క దొరికింది, ఆనందంతో అని నేను చెప్తే ఆనందమే. అన్నీ దొరికాయి.

నీళ్ళు దొరకలేదు.

నీళ్ళ కోసం కొట్టుకునే సీరియల్ మొత్తంలో నీళ్ళు గీయలేదు మహానుభావులు. వాగు లేదు, వాన లేదు, కడవలోంచి ఒంపిన నీళ్ళు కూడా లేవు. క్యాసెట్లన్నీ తిప్పి తిప్పి చూశాక, ఆ గ్రహం మీద నీళ్ళు కంటికి కనిపించేది ఒకే ఒక్కచోట అని తేలింది. దొంగ స్నానం చేసే తొట్టి.

శుక్రవారం మాస్టారు షాపుకు వచ్చాడు. పరిస్థితి చెప్పాను. ఆ ముక్క వేసి చూపించాను. వాడు కూలబడతాడు, తొట్టి పొంగుతుంది, నీళ్ళు నేల మీద పారతాయి, అక్కడికి సీను తెగుతుంది.

"వాడు కనపడకుండా నీళ్ళొక్కటే తీసుకోవచ్చుగా?"

"తీసుకోవచ్చు. కానీ వాడి చారల తువ్వాల అంచు ఒక మూల వేలాడుతుంటుంది. పిల్లలు పసిగడతారు."

"పసిగడితే?"

"నవ్వుతారు. నవ్వితే అయిపోయాను."

ఆయన ఆ ముక్క ఇంకోసారి వేయించుకుని చూసి, "మరి వేరే దారి ఉందా?" అన్నాడు. లేదన్నాను. "లేనప్పుడు ఆలోచన ఎందుకమ్మాయ్, అతికించెయ్" అన్నాడు. అతికించాను. చిన్న ముక్క కాబట్టి, పారుతూ ఉన్నట్టుండాలని, మళ్ళీ మళ్ళీ అదే ముక్క వరసగా వేశాను. ఆదివారం ఇనుప దవడవాడికి గొంతు ఇవ్వడానికి మాస్టారు తనే వస్తానన్నాడు. "నా భాష నేనే పలుకుతాను. నువ్వు పలికితే యాస తేడాగా ఉంటోంది."

ఆ ఆదివారం గుడ్డ కట్టలేదు. నేనే ట్యాంకర్ వరస దగ్గర నిలబడి చెప్పాను: పోయిన వారం వాళ్ళు చేసిన ఆఖరి భాగం చూశారు, ఈ వారం నేను చేసింది చూడండి, నచ్చకపోతే అక్కడే తిట్టండి. తిట్టడానికైనా వస్తారని నా ఆశ. వచ్చారు. అవ్వ ముందు వరసలోనే కూర్చుంది, చేతులు కట్టుకుని. పటేల్ వెనక షట్టర్ కింద నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

మొదలుపెట్టాను. తుపాకులు పేలాయి, దొంగ పడ్డాడు. మాస్టారు మైకు లాక్కుని "నన్ను చంపినా నీళ్ళు రావండీ!" అని అరిచాడు. అది నేను చెప్పమనలేదు. బొమ్మలో పోలీస్ పటేల్ కోట తలుపు తన్నాడు. ఊరివాళ్ళు గొయ్యి తవ్వారు. బొమ్మ ఒక్కసారి వణికి, నీళ్ళు పారాయి. మళ్ళీ పారాయి. మళ్ళీ పారాయి.

"ఒచ్చినయ్!" అన్నాను. 

ముందు వరసలో ఒక పిల్ల పెట్టె మీద లేచి నిలబడింది. "గవి దొంగోడు తానం జేసిన నీళ్ళు! అగో, వాని తువ్వాల!"

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. బొమ్మ మీద పిల్లలు ఎగురుతున్నారు, గోదాములో ఎవరూ కదల్లేదు. నేను మైకు పట్టుకుని నిలబడ్డాను. 

అవ్వ చేతులు విప్పింది. "ఏందే నీ లొల్లి, కూసో" అంది ఆ పిల్లతో. "వాడు తానం జేస్తే వాని నీళ్ళయితయా? గవి మొదటి నుంచి ఊరోళ్ళ నీళ్ళే. తొట్ల పోసుకున్నడు, గంతే. ఇప్పుడు గుంజుకొచ్చిండ్రు."

"అవ్ గదా!" అన్నారెవరో.

"తాళం ఏసుకుంటే సొంతమైతయా?" అన్నారింకెవరో, ఆడగొంతు.

నేను ఒట్టేసి చెప్తాను, అప్పటిదాకా నా బుర్రలో తొట్టి తొట్టే. నా గొడవంతా ఆ తువ్వాలే. కానీ ఆ మాట పడ్డాక ఒక తల వెనక్కి తిరిగింది. తర్వాత పక్క తల. తర్వాత వరసంతా. తెర మీద నా ఆఖరి భాగం నడుస్తూనే ఉంది, దాన్ని చూసేవాడు లేడు. అందరూ షట్టర్ కింద నిలబడ్డ మనిషిని చూస్తున్నారు.  పటేల్ మీసం మీదికి పోయిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

తర్వాత పిల్లలు గోలగోలగా చప్పట్లు కొట్టారు, ఇంకోసారి వెయ్యమన్నారు, వేశాను. రెండోసారి నీళ్ళు పారినప్పుడు గోదాము మొత్తం "మనయే!" అని అరిచింది. వాళ్ళకది ఆటలా ఉంది. పెద్దవాళ్ళకు మాత్రం కాదు. సిమెంట్ డీలర్ ఇంకో గోదాము వెతుక్కున్నాడు. వానాకాలం రాకముందే బావి గోడలోంచి ఒక పైపు వీధిలోకి వచ్చింది. దానికో నల్లా, పొద్దున కాసేపు నీళ్ళు. ఎందుకు పెట్టించావని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. దాని దగ్గర కూడా బిందెలతో యుద్ధమే అనుకోండి, అయితే అది రోజూ జరిగే యుద్ధం. నేనా తర్వాత ఇంకా కొన్నేళ్ళు మైకు పట్టుకున్నాను. అక్కడి నుంచే డబ్బింగ్‌కు వెళ్ళాను. ఆ సంగతి మొదట్లోనే చెప్పాను.

ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. జనం వెళ్ళిపోయాక నేను వైర్లు చుడుతున్నాను. మాస్టారు పెట్టెలు సర్దుతున్నాడు. పటేల్ లోపలికి వచ్చి, వీసీఆర్ మీద చెయ్యి వేశాడు.

"డిగ్రీ మేడం," అన్నాడు. ఈసారి వెటకారం లేదు. "నిజం చెప్పు. గా తొట్టి నాకోసమే పెట్టినవ్ గదా?"

"లేదు సార్," అన్నాను. "ఆ గ్రహం మీద ఇంకెక్కడా నీళ్ళు లేవు."